తీరని అదురు – నిలిచే కాగితం

(తూంకుంటలో మన సంఘ సభ్యులు, కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా డి.ఎ. బకాయిలు, వైద్య బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను కారు గురించి మాట్లాడమన్నారు. అందుకు కారణముంది. గ్రాట్యుటీ డబ్బుతోనో, పిల్లలు పంపిన డబ్బుతోనో పెద్ద బండి కొన్నవాళ్లు మనలో ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాటిలో కొన్ని నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండ్లు. ఆల్ వీల్ డ్రైవ్ అంటున్నారు. సొంతూళ్లో పొలం దారి వానాకాలం బురదవుతుంది గనుక, పెద్దవయసులో దిగి తోయలేం గనుక, అలాంటివి కొంటున్నారు. అందులో తప్పేమీ లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, కొత్త బండి అదురుతుంది. వర్క్‌షాపుకు తీసుకుపోతే ఏమీ లేదంటారు. మళ్లీ తీసుకుపోతే చక్రాలు బ్యాలెన్స్ చేసి పంపుతారు. మూడోసారి "అంకుల్, ఈ బండ్లన్నీ ఇట్లనే ఉంటయి" అంటారు. ఆగిపోయిన బండిని చూసి ఎవరైనా లోపమని ఒప్పుకుంటారు. అదురు అలాంటిది కాదు. డాక్టరు గుమ్మంలో పంటినొప్పి తగ్గినట్లు, మెకానిక్ నడిపేటప్పుడు దాక్కుంటుంది.

నేను మనవి చేయదలచింది ఒక్కటే. అదురు మన ఒంటికి మాత్రమే తెలిసినంతకాలం అది మన మాటగానే ఉంటుంది. దానికొక అంకె, ఒక తేదీ, ఒక కాగితం తోడైనప్పుడే అది బండి లోపమవుతుంది. ముప్ఫై ఏళ్లు ఫైళ్లు నడిపిన మనకు ఈ పని కొత్త కాదు. ఇతరుల విషయంలో కాగితం లేనిదే కదలని మనం, మన సొంత విషయంలో మాత్రం నోటిమాటతో తిరిగి వచ్చేస్తాం.

దీనికి మన తరం అలవాటు కూడా కొంత కారణం. మహీంద్రావారు 1947లో మన దేశంలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మనం ఉద్యోగాల్లో చేరేనాటికి ప్రతి ఆఫీసులోనూ జీపే. అది అదిరితే జీపంటే అంతే అనుకున్నాం. ఆ సహనం ఇప్పటికీ మనలో ఉంది. కానీ ఇరవై లక్షలు పోసి కొన్న బండి అదిరితే అంతే అని సరిపెట్టుకోనవసరం లేదు.

నేను సర్వీసంతా బండ్ల వర్క్‌షాపులో గడిపిన మనిషిని కనుక ముందు బండి సంగతి, ఆ తరువాత చట్టం సంగతి చెబుతాను.

మొట్టమొదట భద్రత. నిన్నటిదాకా బాగున్న బండి ఈరోజు ఉన్నట్టుండి అదిరితే అది ఫిర్యాదు రాసుకునే సమయం కాదు. పక్కకు తీసి ఆపండి. చక్రం నట్లు వదులై ఉండవచ్చు. టైరు లోపలి పొరలు విడిపోయి బుడగలా ఉబ్బి ఉండవచ్చు. ఇవి ప్రాణం మీదికి తెచ్చేవి. నేను ఈరోజు మాట్లాడేది వీటి గురించి కాదు. కొన్న నాటినుంచీ ఉండి, ఎన్నిసార్లు చూపించినా పోని అదురు గురించి.

రెండోది, లోపం కానిదాన్ని లోపమనుకోకూడదు. థార్ వంటి కొన్ని బండ్లలో నాలుగు చక్రాల పట్టును మనమే లివరుతో వేసుకోవాలి. దాన్ని బురదలో, ఇసుకలో వేసుకోవాలి గానీ పొడి తారు రోడ్డు మీద కాదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పట్టు వేసి ఉంటే అవి ఒకదాన్నొకటి గుంజుతాయి. బండి బిగుసుకుని కుదుపుతుంది. అది బండి తప్పు కాదు. ఎప్పుడూ తనంతట తానే నాలుగు చక్రాలకు బలం పంచుకునే బండ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే రకం, ఇంచుమించు ఒకే అరుగుదలలో ఉండాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేస్తే చుట్టుకొలతల తేడా వల్ల లోపలి కప్లింగ్ నిరంతరం శ్రమపడుతుంది. ఇంకొక విన్నపం. బయట దుకాణంలో వెడల్పు టైర్లు, ఫ్యాన్సీ రిమ్ములు వేయించకండి. వేయిస్తే కంపెనీవారు మొదట చూపించేది వాటినే.

ఇక అసలు అదురు. అదురుకు జాతులున్నాయి. తిరిగే ప్రతి వస్తువుకూ తన లెక్క ఒకటుంటుంది. ఆ లెక్క పట్టుకుంటే దొంగ దొరుకుతాడు.

టైరు మీద, నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. బండిని ఒక్క చుట్టు ముందుకు తోసి టేపుతో కొలవండి. పెద్ద బండ్లలో రెండు మీటర్ల పైచిలుకు వస్తుంది. రెండుంపావు మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. 25ని రెండుంపావుతో భాగిస్తే సుమారు 11. అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. అదురు సెకనుకు 11 సార్లు వస్తుంటే చక్రంలో గానీ, రిమ్ములో గానీ, టైరులో గానీ దోషముంది. 22 సార్లు వస్తుంటే టైరు గుండ్రంగా లేదేమోనని చూడాలి.

ముందునుంచి వెనుక ఇరుసుకు బలం మోసుకెళ్లే పొడవాటి గొట్టం ప్రొపెల్లర్ షాఫ్ట్. అది చక్రం కంటే కొన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. వెనుక హౌసింగులో పళ్ల నిష్పత్తి 4 అయితే, చక్రం 11 సార్లు తిరిగేలోగా షాఫ్ట్ 44 సార్లు తిరుగుతుంది. కాబట్టి సెకనుకు 44 సార్ల అదురు షాఫ్ట్ సమతూకం తప్పిందనో, వంగిందనో చెబుతుంది. ముందు చక్రాలతోనే నడిచే మామూలు కారులో ఈ షాఫ్టే ఉండదు. అందుకే చిన్న కార్లకు అలవాటుపడిన చేతులు అదురు అనగానే చక్రాల బ్యాలెన్సింగు దగ్గరే ఆగిపోతాయి. షాఫ్ట్‌కు కట్టే క్రాసులు, మధ్యలో మోసే సెంటర్ బేరింగు, దాని రబ్బరు, ఇవన్నీ వేరే చూడవలసినవి.

అదురు ఇంజనుదా కాదా తేల్చడం ఇంకా సులువు. అదే వేగాన్ని వేర్వేరు గేర్లలో నడిపి చూడండి. గేరు మారితే ఇంజను తిరిగే లెక్క మారుతుంది, చక్రం లెక్క మారదు. గేరు మారినా అదురు అలాగే ఉంటే ఇంజనును వదిలి కింద వెతకాలి.

ఇంకో విషయం. నిలువునా వచ్చే ఊపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవాటికి మనిషి శరీరం ఎక్కువగా స్పందిస్తుందని ఐ.ఎస్.ఓ. 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం గుర్తించింది. 44 సార్లు వచ్చేది ఊపులా తెలియదు. కాళ్ల కింద జుమ్ముమని, అరికాళ్లకు తిమ్మిరిలా తెలుస్తుంది. గంట ప్రయాణంలో మనకు తెలిసేది, వీధి చివరిదాకా 40లో నడిపి వచ్చే కుర్రవాడికి తెలియదు. అతను అబద్ధమాడుతున్నాడని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు మన సభ్యుడొకరి సంగతి. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. పేరు, కంపెనీ పేరు మాత్రం చెప్పను. 24 లక్షలు పెట్టి బండి కొని పద్నాలుగు నెలలైంది. సగం ఆయన రిటైర్మెంటు సొమ్ము, సగం కొడుకు పేర అప్పు. మొదటి నెలనుంచీ 85 దాటితే అదురు. ఆరుసార్లు వర్క్‌షాపుకు వెళ్లారు. నాలుగుసార్లు బ్యాలెన్సింగు, రెండుసార్లు అలైన్‌మెంటు చేశారు. ఆ ఆరు జాబ్ కార్డుల్లో నాలుగింటిలో ఫిర్యాదు కింద రాసింది "జనరల్ చెకప్". అంటే కాగితం ప్రకారం ఆయన అదురు గురించి ఫిర్యాదు చేసింది రెండుసార్లే. ఆయన భార్యకు నడుం నొప్పి. ఆమె ఊరికి బస్సులో పోదామంటున్నారు. ఇంటి ముందు 24 లక్షల బండి ఉండగా, రాజీవ్ రహదారి మీద కరీంనగర్ బస్సు కోసం నిలబడవలసి వస్తే ఆ ఇంటాయన మనసెలా ఉంటుందో మీరే ఆలోచించండి.

నేను, ఆయన, ఆయన కొడుకు ఒక ఆదివారం పొద్దున్నే శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి మేడ్చల్ వైపు వెళ్లాం. ఔటర్ ఎందుకంటే అక్కడ రోడ్డు సాపుగా ఉంటుంది, వేగం నిలకడగా ఉంచవచ్చు. గుంతల రోడ్డు మీద ఏ అదురు ఎవరిదో తేలదు. ఈ రోజుల్లో సెల్‌ఫోనులో కదలికను పసిగట్టే పరికరం ఉంటుంది. దాన్ని చదివే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఫోనును వెనుక సీటు ముందు నేలకు టేపుతో అంటించాం. నడిపే మనిషి రోడ్డు తప్ప ఏదీ చూడలేదు. అంకెలన్నీ కొడుకే రాశాడు. 70, 80, 90, మళ్లీ 80, ఒక్కొక్క వేగంలో రెండేసి నిమిషాలు. ఒక గేరు తగ్గించి మళ్లీ 90. రెండు గేర్లలోనూ అదురు సెకనుకు 44 దగ్గరే నిలబడింది. ఆ బండిలో పళ్ల నిష్పత్తి దాదాపు 4. అంటే ఇంజనూ కాదు, చక్రమూ కాదు. ఆరుసార్లూ ముట్టని చోట అదురు ఉంది.

ఫోను కొలత కోర్టులో రుజువు కాదు. కానీ ఎక్కడ చూడాలో అడిగే హక్కు ఇస్తుంది. ఆ అంకెలను ఒక్క పేజీలో రాసి, ఏడోసారి వెళ్లినప్పుడు వర్క్‌షాప్ మేనేజరు చేతికిచ్చి, నకలు మీద సంతకం తీసుకున్నారు. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఔటర్ మీదికి తీసుకెళ్లారు. ఆ అబ్బాయే "నిజమే సార్, కాళ్ల కింద కొట్టుకుంటున్నది" అన్నాడు. ఆ మాటను జాబ్ కార్డులో రాయించారు. షాఫ్ట్‌ను డయల్ గేజీతో చూశారు, వంకర కనబడింది, మార్చారు. అదురు సగానికి పైగా తగ్గింది. కానీ పోలేదు. 95 దగ్గర ఇంకా ఉంది. ఇప్పుడు కంపెనీ ఇంజనీరు "లిమిట్‌లోనే ఉంది" అంటున్నారు. ఆ లిమిట్ ఎంత, మా బండి కొలత ఎంత, రెండంకెలూ రాసివ్వండని మన సభ్యుడు ఉత్తరం రాశారు. ఈరోజు వరకు జవాబు రాలేదు. కథ అక్కడే ఉంది. అదురు పూర్తిగా తీరిందని చెప్పడానికి నేనిక్కడ నిలబడలేదు. ఏడాదిపాటు "ఏమీ లేదు" అన్నవారు ఒక్క పేజీ కాగితంతో షాఫ్ట్ మార్చారని చెప్పడానికే నిలబడ్డాను.

కాబట్టి జాబ్ కార్డు విషయంలో నాలుగు మాటలు గుర్తుంచుకోండి. ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. "90 వేగంలో, అన్ని గేర్లలో, నేలనుంచి అదురు" అని ఉండాలి. ప్రతిసారీ మీటరు రీడింగు ఉండాలి. బండి తిరిగి తీసుకునేటప్పుడు తృప్తి చెందామని సంతకం పెట్టమంటారు. నడిపి చూడకుండా పెట్టవద్దు. లోపం తీరకపోతే "లోపం తొలగలేదు" అని రాసి, దాని కింద సంతకం పెట్టండి. ప్రతి కార్డు నకలు ఇంటికి తెచ్చుకుని తేదీల వారీగా ఫైలు కట్టండి. మాట మాత్రం మెత్తగా ఉండనివ్వండి. ఆ కౌంటరులో కూర్చున్న పిల్లలు మన మనవళ్ల వయసువాళ్లు. బండిని వాళ్లు తయారు చేయలేదు.

ఇక చట్టం. అమెరికాలో పిల్లలున్నవారు "లెమన్ చట్టం" అన్న మాట వినే ఉంటారు. మాటిమాటికీ చెడే కొత్త బండిని అక్కడ లెమన్ అంటారు. 1982లో కనెక్టికట్ రాష్ట్రం మొదట ఈ చట్టం చేసింది. నిర్ణీత సార్లు మరమ్మతు చేసినా లోపం పోకపోతే బండి మార్చాలి, లేదా డబ్బు వాపసివ్వాలి. మన దేశంలో కార్లకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనకున్నది వినియోగదారుల రక్షణ చట్టం. మొదటిది 1986 నాటిది. ఇప్పుడు అమలులో ఉన్నది 2019లో చేసి, 2020 జూలైలో అమలులోకి తెచ్చినది.

ఇందులో మనకు పనికివచ్చేవి చెబుతాను. మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. రుసుము 5 లక్షల దాకా లేదు. 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరినుంచి ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే ఫిర్యాదు వేసే వీలుంది. అంతకుముందే 1915 నెంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు కంపెనీకి మన ఫిర్యాదు పంపుతారు. కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి.

గడువు మాత్రం రెండేళ్లు. ఫిర్యాదుకు కారణం పుట్టిన నాటినుంచి లెక్క. "వచ్చే సర్వీసులో చూద్దాం" అన్న మాటతో ఈ రెండేళ్లు కరిగిపోతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. డీలరును, తయారీ కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరు మరొకరిని చూపిస్తారు. బండిని కొడుకు టాక్సీకి తిప్పుతుంటే వ్యాపార వినియోగమన్న అభ్యంతరం వస్తుంది. అదీ ముందే ఆలోచించుకోవాలి.

అసలు కష్టం రుజువు దగ్గర ఉంది. తయారీ లోపముందని చూపవలసిన భారం మన మీదే పడుతుంది. "ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగింది కదా, లోపమెక్కడ" అని ఎదుటి పక్షం అడుగుతుంది. మన ఒంటి బాధ సాక్ష్యం కాదు. పరీక్ష చేస్తే గానీ తేలని లోపమైతే, వస్తువును తగిన ప్రయోగశాల పరీక్షకు పంపే అధికారం చట్టంలోని 38వ సెక్షన్ కమిషన్‌కు ఇచ్చింది. పరీక్ష రుసుము ముందు మనం కట్టవలసి ఉంటుంది. ఆ కోరికను ఫిర్యాదుతోపాటే రాసి ఇవ్వండి. ఫైలులో ఏడు జాబ్ కార్డులు ఒకే లోపాన్ని ఒకే మాటల్లో చెబుతుంటే, పరీక్షకు పంపమని అడగడానికి బలముంటుంది.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు చెబుతాను. 2006లో ఒక మారుతి కారు వ్యవహారంలో, వారంటీ ప్రకారం కంపెనీ బాధ్యత లోపమున్న భాగాన్ని బాగుచేయడమో, మార్చడమో అని కోర్టు చెప్పింది. బండి మొత్తం మార్చాలన్న ఆదేశాన్ని పక్కనపెట్టి, కొన్నవారికి కొంత సొమ్ము ఇప్పించింది. 2010లో ఒక ఫియట్ కారు వ్యవహారం వచ్చింది. ఇంజను శబ్దం గురించి ఫిర్యాదు. ఇంజను మార్చారు, అయినా వివాదం తీరలేదు. స్వతంత్ర నిపుణుడు బండిని పరీక్షించాలి, తయారీ లోపముందని తేలితే ధర వాపసివ్వాలి అన్న మార్గాన్ని కోర్టు నిలబెట్టింది. మన అదురు సమస్యకు దగ్గరగా ఉన్నది ఈ రెండోదే.

రెండింటినీ కలిపి చదివితే మనం అడగవలసిన పద్ధతి తెలుస్తుంది. కొత్త బండి ఇవ్వాల్సిందే అని ఒక్క కోరికతో పోకూడదు. మెట్లుగా అడగాలి. మొదట లోపాన్ని నిర్ణీత గడువులో తీర్చాలి. తీరకపోతే స్వతంత్ర పరీక్షకు పంపాలి. అందులో తయారీ లోపం తేలితే బండి మార్చాలి, లేదా ధర వాపసివ్వాలి. ఏదైనా సరే, పడిన ఇబ్బందికి, తిరిగిన ఖర్చుకు పరిహారమివ్వాలి.

కమిషన్‌కు ముందు ఒక నోటీసు పంపండి. ఆడంబరం వద్దు. "ఫలానా తేదీన ఫలానా నెంబరు బండి కొన్నాను. ఫలానా తేదీల్లో, ఫలానా మీటరు రీడింగుల వద్ద ఈ లోపం చూపించాను. మీరు చేసిన పనులివి. లోపం ఇంకా ఉంది. ముప్ఫై రోజుల్లో తీర్చండి, లేదా మీ పరిమితి అంకె, నా బండి కొలత లిఖితపూర్వకంగా ఇవ్వండి." ఇంత చాలు. మనకు అలవాటైన రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులో పంపి, అందిన రుజువు దాచుకోండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చట్టంలో నెలల గడువులు రాసి ఉన్నా వాయిదాలు సాగుతాయి. మన వయసులో ఓపికకూ లెక్క ఉంది. అందుకని కమిషన్ దాకా పోకుండానే తేలితే అంతకంటే మేలు లేదు. కానీ పోవడానికి సిద్ధంగా ఉన్నవాడి ఫైలుకే వర్క్‌షాపులో గౌరవం దొరుకుతుంది.

మన సభ్యుడికి గడువులో ఇంకా పది నెలలుంది. నోటీసు వెళ్లింది, ఫిర్యాదు ముసాయిదా సిద్ధంగా ఉంది. ఫలితం వచ్చిన నాడు అది ఏదైనా సరే మన పత్రికలో వేయమని సంపాదకులను కోరుతున్నాను. మిగతావారిలో ఎవరి బండి అదిరినా, అది ఏ కంపెనీదైనా, జాబ్ కార్డులన్నీ తీసుకుని సంఘం ఆఫీసుకు రండి. సుద్దముక్క, టేపు నా దగ్గరున్నాయి. ఫోను మాత్రం మీ మనవడిని తెమ్మనండి.